ఆకులు కెలికిన చేయి

ఏటా ఈస్టరు దాటాక కొండ మీది చర్చిలో విందు జరుగుతుంది. దానికి నలభై ఏళ్లుగా అడవి టర్కీ కోడిపుంజును వేటాడి తెచ్చేది ఓర్వల్ టాకెట్టే. పుంజును రప్పించడానికి తాను చెక్కుకున్న చిన్న దేవదారు పెట్టె మీద, సుద్ద రాసిన మూతను అలా రుద్దాడంటే అచ్చం పెట్టకోడి కూతే.

మొన్న చలికాలంలో పక్షవాతం వచ్చి ఆయన కుడిచేయి వణకడం మొదలైంది. మూత కదిపితే కూత కీచుమంటోంది.

ఆదివారం ఆరాధన అయ్యాక అన్నకొడుకు డూయీ భుజం తట్టాడు. "బాబాయ్, ఈ ఏడు ఫారం కోళ్లతో కానిచ్చేద్దాంలే. నీ కూతకి పుంజు రావడం అటుంచు, పిల్లి కూడా పారిపోతుంది."

"పోయినేడు పొద్దస్తమానం పిలిచి నువ్వేం తెచ్చావురా? జలుబు!" అన్నాడు ఓర్వల్.

అందరితోపాటు తనూ నవ్వాడు. ఇంటికొచ్చాక మాత్రం మొక్కజొన్న రొట్టె ముట్టలేదు. "ప్రభువా, ఇక ఆ విందు బల్లకు నేను అక్కర్లేదా?" అనుకున్నాడు.

భార్య నీవా కంచం తీసేసింది. బుధవారం చీకటితోనే ఫ్లాస్కులో కాఫీ పోసి, తుపాకి తన భుజాన వేసుకుంది.

"గురి నాది, కూత నీది. లే."

అడవికి దారి పక్క పొలంలోంచే; ఆ పొలం ముసలాయన వాళ్ల కోసం గేటు గొళ్లెం తీసే ఉంచాడు.

పెద్ద ఓక్ చెట్టు మొదలుకి ఆనుకుని ఇద్దరూ కూర్చున్నారు. తెలతెలవారుతుండగా ఓర్వల్ ఊపిరి బిగబట్టి పెట్టె మీద మూత రుద్దాడు. మొదటి కూత గీరుకుపోయింది. రెండోది కుదిరింది. గట్టు మీంచి పుంజు గడగడమని బదులిచ్చింది. మళ్లీ అరిచింది, కానీ అక్కడి నుంచి కదల్లేదు.

"ఇంకోసారి పిలువు," గుసగుసలాడింది నీవా.

"పిలిస్తే అక్కడే నిలబడతాడు. పెట్టకోడే తన దగ్గరికి రావాలని వాడి బింకం. ఊరుకుంటేనే గుబులు పుడుతుంది."

పెట్టె పక్కన పెట్టి, వణికే చేతిని ఎండాకుల మీద వేశాడు. వేళ్లు వాటంతటవే గరగరా కెలికాయి. ఆగాయి. మళ్లీ కెలికాయి. మేత వెతుక్కునే పెట్ట కాలు అలాగే కదులుతుంది. చేయి బాగున్న రోజుల్లో కూడా ఆయనకు అంత బాగా కుదరలేదు.

అరగంట గడిచింది. తోకను విసనకర్రలా విప్పుకుని, ఎర్రటి మెడ సాచి, పుంజు నలభై అడుగుల దూరానికి వచ్చేసింది. నీవా తుపాకి ఒక్కసారే పేలింది.

ఓర్వల్ టోపీ తీసి, ఆ పక్షి దగ్గర మోకరించి, దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నాడు. నీవా ఆయన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, అంటిన ఆకులు దులిపింది.

విందు రోజు డూయీ రెండోసారి మాంసం వడ్డించుకుంటూ అడిగాడు, "నిజం చెప్పు బాబాయ్, ఏం కూత కూశావు?"

"రెండు కూతలు కూసి నోరు మూసుకున్నాను. అది మాత్రం నీకు రాదురా!"

బల్ల చుట్టూ అందరూ గొల్లున నవ్వారు. అంతకుముందు, వడ్డన మొదలుకాక మునుపు, భోజన ప్రార్థన చేయమని పాస్టరు గారు ఓర్వల్‌నే లేపారు. అప్పుడు ఆయన పైకెత్తింది ఆ వణికే చేతినే.