ఓబులేసన్న గదిలో ఎర్ర లైటు

కదిరిలో నాది టీవీలు, మిక్సీలు బాగుచేసే అంగడి. టీవీ దానంతట అదే ఆన్ అవుతోందని, ఇంట్లో ఏదో తిరుగుతోందని చెప్పినవాళ్ళు చాలామంది నా దగ్గరికి వచ్చారు. విప్పి చూస్తే లోపల బొద్దింకో, చెమ్మ పట్టిన బటనో ఉండేది. దయ్యాలను నేను నమ్మలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా నమ్మడం లేదు.

మా అన్న ఓబులేసు బోరు లారీ మీద పనిచేసేవాడు. మూడేళ్ళ కిందట లారీ మీద నుంచి పడ్డాడు. నడుము కింద చచ్చుబడింది. ఎడమ చెయ్యి కూడా లేవదు. లోపలి గదిలో మంచం, గోడకు చిన్న టీవీ. సెట్‌టాప్ బాక్స్ మాత్రం హాల్లో ఉండేది. ఆ ఒక్క బాక్సే రెండు టీవీలకూ. గోడ అడ్డం కాబట్టి రిమోట్ పనిచేయదు. ఛానల్ మార్చాలంటే వదినను కేకేయాలి.

"పిల్సి పిల్సి నాకే సిగ్గయితాందిరా" అన్నాడొక రోజు.

పాత టీవీలో నుంచి రిసీవర్ తీసి, రిమోట్ వెలుతురును గోడ దాటించే రిపీటర్ ఒకటి చేశాను. రిసీవర్ అన్న గదిలో. అక్కడి నుంచి వైరు, హాల్లో బాక్స్ ముందర రిమోట్ వెలుతురునిచ్చే చిన్న ఐఆర్ బల్బు. మొదట్లో ట్యూబులైటు వేస్తే చాలు, తిక్కతిక్కగా చేసేది. రిసీవర్‌కు నల్ల గొట్టం తొడిగాను. అన్న చెయ్యి సరిగా తిప్పలేడని దాన్ని మంచానికి ఎదురుగా కిందికి దించాను. సిగ్నల్ అందిందని తెలియడానికి ఎర్ర లైటు పెట్టాను.

"ఇంగ ఎవర్నీ పిల్సే పనిల్యా" అని ఆ రోజంతా ఛానళ్ళు మారుస్తూనే ఉన్నాడు.

మొన్న ఎండాకాలంలో అన్న పోయాడు. నాకు ఏడుపు రాలేదు. చెయ్యాల్సిన పనులు చేశాను.

దినాలు అయిన మర్నాడు వదిన ఫోన్ చేసింది. "దాన్ని పీకేయప్పా. మద్దేన్నం పూట ఆ ఎర్రలైటు ఊరికే ఎలుగుతాండాది. నేను చూడల్యాకపోతాండా."

ఎండ పడి ఉంటుందనుకున్నాను. భోజనాల వేళకు వెళ్ళాను. మంచం అప్పటికే బయట పెరట్లో వేశారు. గదిలో గోడకున్న టీవీ, రిపీటర్ తప్ప ఏమీ లేదు. కిటికీ మూశాను, ట్యూబులైటు ఆపాను. లైటు వెలుగుతూనే ఉంది. హాల్లో టీవీ సౌండు ఒక్కొక్క మెట్టే పెరుగుతోంది.

అన్న రిమోట్ గోడ అలమరలో ఉంది. బటన్ ఇరుక్కుందేమోనని తీశాను. లోపల సెల్లులు లేవు. అయినా చూద్దామని, మేము అంగట్లో చేసినట్టే ఫోన్ సెల్ఫీ కెమెరా ముందు పెట్టి నొక్కాను. కంటికి కనపడని ఆ వెలుతురు కెమెరాలో ఊదారంగు చుక్కలా కనపడుతుంది. రిమోట్‌లో ఏమీ రాలేదు.

ఫోన్‌లో నా భుజం వెనక, మంచం ఉన్న చోట, మోకాలి ఎత్తులో ఊదారంగు చుక్క వెలిగి ఆరింది. మళ్ళీ వెలిగింది.

వెనక్కి తిరిగాను. ఒట్టి నేల. ఫోన్‌లో చూస్తే ఉంది.

భయం వేయలేదు. ఏమీ అనిపించలేదు. రిపీటర్ వైరు పీకాను. సౌండు పెరగడం ఆగింది. చుక్క మాత్రం ఆగలేదు. రిమోట్ పనిచేయకపోతే మనం ఎలా నొక్కుతాం, గబగబా, అలా కొట్టుకుంది.

మళ్ళీ వైరు కలిపాను. ఎందుకు కలిపానో తెలియదు. సౌండు కొంచెం తగ్గింది. తర్వాత చుక్క రాలేదు.

"అయిందా అప్పా?" వంటింట్లోంచి వదిన అడిగింది.

"ఎండ పడతాందొదినా. ఇంగ రాదులే" అన్నాను. తర్వాత రిపీటర్ ఊడదీసి జేబులో వేసుకున్నాను.

వీడియో తీయాలని అప్పుడు తోచనే లేదు. తర్వాత నాలుగైదుసార్లు ఆ గదిలో నిలబడి ఫోన్‌లో చూశాను. గోడ తప్ప ఏమీ లేదు. రిపీటర్‌ను బల్ల మీద పెట్టి, సీసంతో అతికించిన ప్రతి టాకా పరీక్షించాను. ఎక్కడా తప్పు లేదు. సెల్లులు లేని రిమోట్ తప్ప ఇంకో రిమోట్ లేని గదిలో ఆ వెలుతురు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. వదినకు ఈరోజు వరకూ చెప్పలేదు.