సీసా మీద గీత

మా ల్యాబులో, పిల్లల కోసం తయారుచేసిన పోషకాహారపు పొడి తిని తొమ్మిది ఎలుకలు చచ్చిపోతే, పెద్ద సైంటిస్టు "అటెండరు నీళ్లు పెట్టడం మరిచాడు" అని రిపోర్టు రాసి చేతులు దులుపుకున్నాడు. పొడి గట్టెక్కింది. ఎలుకల గది అటెండరుకు మాత్రం 'దాహం బాబాయ్' అన్న పేరు అంటుకుంది. అప్పటినుంచి ఆయన ప్రతి నీళ్ల సీసా మీదా పొద్దునొకటి, సాయంత్రమొకటి పెన్నుతో గీత గీస్తాడు. వేళ్ల నిండా పంటిగాట్లు, చొక్కాకు ఎప్పుడూ తడిసిన రంపపు పొట్టు వాసన. ఎవరు పలకరించినా మొహం గంటు పెట్టుకుంటాడు. ఒకసారి కొత్తగా చేరిన రీసెర్చి అమ్మాయి, చిక్కిపోయిన ఎలుకను చూసి, "బాబాయ్, దీనికి నీళ్లందలేదని రాసి లెక్కలోంచి తీసేద్దామా?" అంది. ఆయన సీసా తెచ్చి ఆమె ముక్కు ముందు పెట్టాడు. నీళ్లు పొద్దుటి గీతకు రెండంగుళాలు కిందికి దిగి ఉన్నాయి. "తాగింది. తాగే చిక్కింది. అదే రాయమ్మా." ఆమె తలొంచుకుని రాసింది.

ఆయన రిటైరైన రోజు గేటు దగ్గర నాకు కనిపించాడు. చేతిలో ఖాళీ సీసా. అదెందుకని అడిగాను.

"ఆ సైంటిస్టు ఆస్పత్రిలో పడ్డాడట. నిండా నీళ్లు పోసి, గీత గీసి, మంచం పక్కన పెట్టొస్తా. నీళ్లు తాగినవాళ్లు కూడా చస్తారని వాడికీ తెలియాలిగా!"