మామయ్య దుకాణం ముందరి మొండి బోల్టు

నా అరచేతిలో ఇప్పుడొక ఉక్కు సకినం ఉన్నది. మొన్నటిదాకా అది సకినం కాదు. నిటారుగా, నిగనిగలాడుతూ, ఎర్ర డబ్బాలో తన అన్నదమ్ముల మధ్య పెండ్లికొడుకు లాగ పడుకొని ఉన్న ఎలెంకీ గోటీ. ఒక కొసన పిడి దూరడానికి నాలుగు పలకల బొక్క, ఇంకో కొసన ఆరు పలకల ముక్కు. తలలో ఆరు పలకల గుంట ఉండే బోల్టులో ఆ ముక్కు దూర్చి తిప్పితే బోల్టు ఊడాలి. మా బోల్టు ఊడలేదు. అది ఉన్నచోటనే హాయిగా ఉన్నది, ముక్కే మెలితిరిగి పండుగ పిండివంట అయింది. దాన్ని చూసినప్పుడల్లా చేవెళ్లలో మా మేనమామ దుకాణం, దాని మెట్టు పక్కన ఉండే ఇనుప దిమ్మె గుర్తుకొచ్చి, కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియక గోటీని గోడకేసి కొట్టి, మళ్లీ నేనే వంగి తీసుకుంటున్నాను.

అసలు సంగతి చెప్పాలి. మొయినాబాదులో మాకొక పిండిగిర్ని ఉన్నది. కనకమామిడి వైపు ఫాంహౌసుల వాళ్లు ఆదివారాలు కార్లలో వచ్చి, రాతి గిర్ని ఇంకా ఉన్నదా అని ఆశ్చర్యపోయి, దాని పక్కన నిలబడి ఫోటోలు దిగి, పిండి మాత్రం పక్క దుకాణంలో ప్యాకెట్టు కొనుక్కొని పోతారు. జొన్నరొట్టె తినే పాత ఇండ్లవాళ్లు కొందరున్నారు కాబట్టి రాళ్లు తిరుగుతున్నాయి. ఆ తిరుగుడు కూడా కొన్ని నెలల కింద ఒకనాడు ఆగింది. మోటారు పుల్లీ పగిలింది. కొత్త పుల్లీ తెచ్చి పెట్టుకున్నాను గాని, పాతదాన్ని ఇరుసుకు పట్టి ఉంచిన ఎలెంకీ బోల్టు రానంటే రానన్నది. ఇంట్లో ఉన్న వంకర కీకి పైపు తొడిగి లాగితే కీ చక్కగా తిన్నగా అయింది, బోల్టుకు చీమ కుట్టినట్టు కూడా లేదు.

నా భార్యకు, అదే మా ఇంటామెకు, గిర్ని మీద ఎప్పటినుంచో కన్ను. షట్టర్ ముందు నిలబడి చీర కొంగుకంటిన పిండి దులుపుకుంటూ తీర్పు చెప్పింది.

“చూడు, పానాలకని గీ పైసలిస్తున్న. మళ్ల ఇయ్య. గిర్ని నడిచిందా, నడిపిచ్చుకో. నడ్వలేదా, ఐతారం పొద్దుగాల ఆ ఫోన్ కవర్ల పిలగాడు అడ్వాన్సు పట్కొని వస్తుండు. షట్టర్ కిరాయికిస్తా. నువ్వు ఇంట్ల కూసొని నీ కతలు గోడలకు చెప్పుకో.”

మా నాయన పెట్టిన గిర్ని అది. కవర్ల పిల్లవాడు మంచివాడే కావచ్చు, కాని ఆ షట్టర్ వెనక రాళ్ల చప్పుడు లేకుండా నేను ఏ పొద్దున లేచి ఎటు పోవాలో నాకు తెలియదు. అంతమాత్రం ఆమెకూ తెలుసు, అందుకే ఆదివారం దాకా గడువిచ్చింది.

ఇక ఎన్నుకోవడం మొదలైంది. మన ఈడువాళ్లు ఎవరైనా ఈ మధ్య ఫోనులో పానాలు కొనడానికి చూశారో లేదో గాని, చూడకపోతే అదృష్టవంతులు. ప్రతి డబ్బా మీద అదే ఉక్కు పేరు, ప్రతి డబ్బాకూ జీవితకాలం గ్యారంటీ. ఎవరి జీవితకాలమో రాయరు. కొన్నవాళ్ల అభిప్రాయాలు చదివాను. ఒకాయన ప్యాకింగ్ బాగున్నదన్నాడు. ఇంకొకాయన తెచ్చిన అబ్బాయి మర్యాదగా మాట్లాడాడన్నాడు. మూడో మనిషి ఇంకా వాడి చూడలేదు గాని చాలా మంచి సరుకని చుక్కలన్నీ ఇచ్చేశాడు. విసిగిపోయి, మొయినాబాదు రోడ్డు మీదనే కొత్తగా తెరిచిన దుకాణంలో, ఎక్కువ ముక్కలున్నందుకు మురిసిపోయి, ఎర్ర డబ్బా తెచ్చాను. ఉన్న పైసల్లో సగం దానికే ఒడిసింది. సకినం కథ మీకు తెలుసు. వెనక్కి తీసుకెళ్తే ఆ కౌంటరు పిల్లవాడు దాన్ని వేలితో కూడా ముట్టలేదు.

“అంకుల్, యూజ్ చేసినంక రిటర్న్ లేదు.”

“యూజ్ చేయకుంటె వంగుతదని ఎట్ల తెలుస్తది బిడ్డా?”

“రివ్యూలు చదవాలె అంకుల్.”

అక్కడే గట్టిగా నవ్వాను. నవ్వకపోతే ఏడవాలి.

మా మామయ్య ఉండి ఉంటే ఆ పిల్లవాడిని దిమ్మె ముందు కూర్చోబెట్టేవాడు. ఇంటర్ నాతో పడదని ఇంటర్‌కూ నాకూ ఒకేసారి తెలిసిన రోజుల్లో, మా అమ్మ నన్ను చేవెళ్లకు పంపి ఆయన దుకాణంలో పెట్టింది. మేకులు, గొళ్లేలు, పైపులు, పానాలు, బావి మోటార్ల సామాను. కూరగాయల మార్కెట్టు ఒడిసిన తర్వాత టమాటా రైతులు, క్యారెట్ రైతులు ఖాళీ గంపలతో నేరుగా మా దగ్గరికే వచ్చేవాళ్లు. దుకాణం మెట్టు పక్కన నడుమెత్తు ఇనుప దిమ్మె ఒకటి భూమిలో పాతి ఉండేది. అది రోడ్డు రోలరు ముక్క అని కొందరు, నవాబుల కాలపు ఫిరంగి మొదలు అని నేను. ఫిరంగి అని చెప్పిన రోజు బేరం ఎక్కువ జరిగేది కాబట్టి నేను నా మాట మీదనే ఉన్నాను. ఆ దిమ్మెలో రకరకాల బోల్టులు బిగించి ఉండేవి, వాటి మధ్యన ఒక లావు ఎలెంకీ బోల్టు. ఊరంతా దాన్ని మొండి బోల్టు అనేవాళ్లు.

మామయ్య దగ్గర పానా కొనడమంటే డబ్బా చూసి కొనడం కాదు. ముందు ఆయన గోటీని వెలుతురుకు పట్టి ముక్కు అంచులు చూసేవాడు. అంచులు గుండ్రంగా అరిగినట్టుంటే పక్కన పెట్టేవాడు. తర్వాత కొత్త బోల్టు గుంటలో దూర్చి ఊపి చూసేవాడు. లోపల ఆడితే అది గుంటనూ చెడగొడుతుంది, తానూ చెడుతుంది. అంగుళం కొలత ముక్కును మిల్లీమీటర్ల బోల్టులో పెట్టి సరిపోయిందనేవాళ్లను చూస్తే ఆయనకు బీపీ వచ్చేది. ఆఖరుకు ఆకురాయితో అంచు మీద ఒక్కసారి గీసేవాడు. రాయి జారిపోవాలి, కొరికితే మెత్తటి ఇనుము. ఇన్నీ అయ్యాక పిడి తొడిగి కొనేవాడి చేతికే ఇచ్చి దిమ్మె వైపు చెయ్యి చూపేవాడు. మొండి బోల్టు మీద బలమంతా పెట్టి లాగు. గోటీ నిలిస్తే నీది, వంగితే నాది.

బోల్టు ఊడాలని కాదు, గోటీ నిలవాలని. కాని మగవాళ్లకు ఆ తేడా ఎక్కడ అర్థమవుతుంది? ఒకసారి శంకర్‌పల్లి నుంచి వచ్చిన కాలీఫ్లవర్ రైతు ఒకాయన, భుజాలు గోనెసంచుల్లాగ ఉండే మనిషి, పంతానికి పోయి లాగితే, బోల్టు కదలలేదు గాని దిమ్మె కదిలింది, దిమ్మెతో మెట్టు, మెట్టుతో దుకాణం, అంతా కలిసి కొంచెం వికారాబాద్ వైపు తిరిగింది. అంతకుముందు పొద్దుటి ఎండ మామయ్య గల్లాపెట్టె మీద పడేది, ఆనాటినుంచి ఎదురుగా ఉన్న మంగలి దుకాణం అద్దంలో పడి ఆ మంగలాయన గిరాకీ పెరిగింది. నమ్మితే నమ్మండి, లేదంటే చేవెళ్లకు పోయి నీడ చూసుకోండి.

ఇన్ని తలుచుకొని శనివారం నేనే చేవెళ్ల బస్సెక్కాను. మామయ్య పోయి చాలా ఏండ్లయింది. దుకాణం ఇప్పుడు ఆయన కొడుకు, నా బామ్మర్దిది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మెట్టు పోయింది, దిమ్మె పోయింది, అద్దాల తలుపు, ఏసీ వచ్చాయి. పానాలన్నీ ప్లాస్టిక్ గుల్లల్లో, అట్టలకు అతుక్కొని, గోడ నిండా వేలాడుతున్నాయి. నేను రెండు దించాను. ఒకటి తళతళలాడే పెద్ద సెట్టు. ఇంకొకటి విడిగా అమ్మే ఒంటి గోటీ, నాకు కావలసిన ఒకే ఒక్క కొలతది, నల్లగా, ముభావంగా ఉన్నది. కొలత దాని ఒంటి మీద అచ్చు వేసినట్టు గాక చెక్కినట్టున్నది. గుల్ల చింపబోతే బామ్మర్ది కౌంటరు మీదుగా ఎగిరినంత పని చేశాడు.

“బావా, చింపకు! చింపితే నేనెవలికి అమ్మాలె?”

“మీ నాయిన ఊపి చూడకుండ ఒక్క గోటీ అన్న అమ్మిండా రా?”

“మా నాయినకు కంపెనీ ఆడిట్ లేకుండె.”

“దిమ్మె ఏడ పడేసినవ్?”

“పడేస్తె అమ్మ నన్ను బతకనిస్తదా? పెరట్ల ఉన్నది, నల్లా పక్కన. పోయి చూస్కో. గోటీలు తీస్కపో, కని నాకు సంబంధం లేదు.” సంబంధం లేదంటూనే దుకాణం పనివాళ్లకు అప్పగించి నా వెనకే వచ్చాడు. సరుకు మీద ప్రేమ ఎవరికైనా ఉంటుంది గదా.

దుకాణం వెనకనే ఇల్లు. పెరట్లో నల్లా పక్కన దిమ్మె ఎప్పటిలాగే నడుమెత్తున నిలబడి ఉన్నది, నెత్తిన పసుపు కుంకుమ. అత్తమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చున్నది. కష్టం చెప్పుకున్నాను. ఆమె తలూపి చిక్కుడుకాయల మీదనే చూపు పెట్టింది. నేను నల్ల గోటీకి పిడి తొడిగి, మొండి బోల్టు గుంటలో పెట్టి, కాళ్లు ఎడంగా వేసి, శంకర్‌పల్లి రైతును తలుచుకొని ఒక్క లాగు లాగాను.

బోల్టు తిరిగింది. గుడి గంట తాడు లాగినంత సులువుగా తిరిగింది. తరతరాల మొండిదాన్ని నేను కదిలించాను. బామ్మర్ది నోరు తెరిచాడు. నేను అప్పటికే మొయినాబాదులో ఈ కథ ఎట్లా మొదలుపెట్టాలో ఆలోచిస్తున్నాను.

అత్తమ్మ నవ్వింది.

“గోటీ గొప్ప గాదు, నీ గొప్ప గాదు అల్లుడా. మొన్న అమాసకు నా చెయ్యి అంతనే తిరిగింది.”

మాకు అర్థం కాలేదు. ఆమె చాట పక్కన పెట్టి చెప్పింది. అది ఎన్నడూ మొండిది కాదట. ప్రతి అమావాస్యకు తెల్లవారుజామున, దుకాణం కడిగి, సామానుకు బొట్లు పెట్టే ముందు, మామయ్య ఆ బోల్టు విప్పి, తుడిచి, నూనె చుక్క వేసి, మళ్లీ తన బలమంతా పెట్టి బిగించేవాడట. నేను అన్నేండ్లు అక్కడ పని చేసి, ఒక్క అమావాస్య పొద్దున కూడా ఎండెక్కక ముందు దుకాణం ముఖం చూడలేదు.

“తుప్పు వట్టినదాని మీద లాగిస్తే సామాను వంగినా తప్పు ఎవలిదో తెల్వదు అంటుండె. తుప్పుకు లెక్క లేదు, నా చేతికి లెక్కున్నది అంటుండె. ఆయన పోయినంక నేనే బిగిస్తున్న. ఎవలు లాగేటోళ్లు లేరు. కని అమాస వస్తే చెయ్యి ఊకుంటదా?”

బామ్మర్ది నల్లా వైపు చూస్తున్నాడు. ఆ ఇంట్లోనే ఉండే మనిషి, ప్రతి అమావాస్యకు పది గంటలకు దుకాణం తెరిచే మనిషి, వాడికీ తెలియదు.

ఆమె లోపలికి పోయి దేవుని గూట్లో నుంచి గుడ్డలో చుట్టిన మామయ్య గోటీ తెచ్చింది. మెరుపు లేదు, ముక్కు అంచులు మాత్రం ఇంకా వేలికి గుచ్చుకుంటున్నాయి. బిగియ్యి అన్నది. బిగించాను, కండ్ల ముందు మిణుగురులు తిరిగేదాకా. ఇగ ఇప్పుడు చూడు అన్నది.

ముందు తళతళలాడే సెట్టులోది పెట్టాను. పిడి తిరిగింది, నేను తిరిగాను, బోల్టు తిరగలేదు. బయటికి తీస్తే రెండో సకినం.

“ఆగం జేసినవ్ గదా బావా!” బామ్మర్ది తల పట్టుకున్నాడు.

“ఏడువకు రా,” అన్నది అత్తమ్మ. “ఇంట్ల వంగింది. కొన్నోని చేతుల వంగితే మీ నాయిన పేరు వంగుతుండె.”

వాడు ఆ సకినాన్ని జేబులో వేసుకున్నాడు. నల్ల ఒంటి గోటీ పెట్టాను. ఊపితే ఆడలేదు. లాగాను. చాలాసేపు ఏమీ కాలేదు, తర్వాత టక్కుమని ఒక చప్పుడు, బోల్టు దిగివచ్చింది. ముక్కు చూస్తే గీత లేదు. అదొక్కటే కొన్నాను. మిగిలిన పైసల్లో వచ్చింది. మామయ్య గోటీ అడిగాను కూడా. అత్తమ్మ దాన్ని గుడ్డలో చుట్టుకుంటూ, గిర్ని పోతే పోయింది గాని ఇది పోవద్దన్నది.

ఐతారం పొద్దున కవర్ల పిల్లవాడు వచ్చేసరికి పుల్లీ మారింది, రాళ్లు తిరుగుతున్నాయి, నేను మాత్రం అవసరానికి మించి పిండి పూసుకొని నిలబడ్డాను. మా ఇంటామె ఆ పిల్లవాడికి చాయ ఇచ్చి, వేరే షట్టర్ చూసుకొమ్మని పంపించి, నాతో ఒకే మాట అన్నది: “ఈసారికి.”

బామ్మర్దిని దిమ్మె మళ్లీ దుకాణం ముందు పెట్టమని బతిమాలుతున్నాను. అద్దాల తలుపు తెరుచుకోదంటాడు, గిరాకీ భయపడి పారిపోతారంటాడు. తప్పు వాడిది ఒక్కడిదే కాదు. ఈ రోజుల్లో సరుకు గుల్లలో ఉంటుంది, మాట అట్ట మీద ఉంటుంది, అమ్మినవాడు అద్దం వెనక ఉంటాడు. తన సరుకును ఓడించగల దాన్ని తన గడప ముందే పాతిపెట్టి, దానికి తన చేతులతోనే బలం పోసే దుకాణదారు ఎక్కడున్నాడు?

ఇప్పుడు అమావాస్య తెల్లవారుజామున మొదటి బస్సుకు నేనే చేవెళ్లకు పోతున్నాను. విప్పి, తుడిచి, నూనె చుక్క వేసి బిగిస్తాను. అయిపోయిన తర్వాత అత్తమ్మ లేచి వచ్చి, మామయ్య గోటీతో ఒకసారి లాగి చూస్తుంది. కదలదు. కొంచెం వదులుగా పెడితే ఆమె చేతికి తిరుగుతుంది గదా, సంతోషపడుతుంది గదా అని ప్రతిసారీ అనిపిస్తుంది. నా సంగతి తెలిసినవాళ్లు నేను అట్లాగే చేస్తానని అనుకుంటారు కూడా. కాని పిడి పట్టుకున్నాక సగం బలంతో బిగించడానికి నా చెయ్యి రాదు. ఆమె లాగి, ఆగి, ఊపిరి తీసుకొని, గట్టిగనే ఉన్నది అంటుంది. బోల్టుకు బొట్టు పెట్టి లోపలికి పోతుంది.