నాన్న రివాల్వరు మీద నిమ్మకాయ మచ్చ

తప్పు నాదే. ముందే ఒప్పేసుకుంటున్నాను, లేకపోతే ఇదంతా నాన్నను ఆడిపోసుకోవడానికి రాశానంటారు.

మాది పాతపట్నంలో చింతపండు, కొండచీపుర్ల వ్యాపారం. వయసులో ఉన్నప్పుడు నాన్న ఒడిశా వైపు సంతలన్నీ తిరిగేవాడు. అడవి దారిలో సరుకుతో ఒంటరిగా రావాలి కాబట్టి లైసెన్సు తీసుకుని ఒక రివాల్వరు కొనుక్కున్నాడు. దాన్ని పేల్చిన పాపాన ఎప్పుడూ పోలేదు. ఒకసారి ఎలుగుబంటి ఎదురైతే, నడుముకి రివాల్వరు ఉన్న సంగతే మర్చిపోయి పరుగెత్తి లారీ ఎక్కేశాడట. ఈ ముక్క అమ్మ ఎన్నిసార్లు చెప్పినా నాన్న నవ్వేవాడే గాని ఉడుక్కునేవాడు కాదు. "అదీ బతకాల, నేనూ బతకాల. పేల్సేస్తే ఏటొస్తాది?" అనేవాడు.

నా చిన్నప్పుడు ప్రతి ఆదివారం మధ్యాహ్నం వసారాలో పాత పంచె ముక్క పరిచి, దాన్ని తుడిచేవాడు. నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. నూనె గుడ్డ పట్టుకుని పక్కన కూర్చోవడం మాత్రం నా వంతు. అదే నాకు కలెక్టరు ఉద్యోగం. ఇప్పటికీ ఎక్కడైనా కుట్టుమిషను నూనె వాసన తగిలితే ఆ వసారా, వంటింట్లోంచి వేయించిన వేరుశెనగల వాసన, నాన్న కూనిరాగం అన్నీ ఒక్కసారి గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమంటుంది.

ఆయుధ పూజ రోజున కొట్లో కాటా, గుండ్లు, గోనెలు కుట్టే దబ్బనాలు వరసగా పెట్టేవాళ్లం. చివర్లో రివాల్వరు. అమ్మ అన్నిటికీ బొట్లు పెట్టి, కుంకుమ అద్దిన నిమ్మచెక్కలు పెట్టేది. రివాల్వరు మీద మాత్రం ఒక్క బంతిపువ్వుతో సరిపెట్టేది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. అమ్మ పోయాక పూజ నా చేతికొచ్చింది. పెళ్లై అదే ఊళ్లో నాలుగు వీధుల అవతల ఉంటున్నాను కదా, నేను కాక ఎవరు చేస్తారు? భక్తి పొంగిపోయి, నిమ్మచెక్క ఒకటి తీసి గొట్టం మీద బోర్లించి, మర్నాటి దాకా అలాగే వదిలేశాను. తీసి చూద్దును కదా, నల్లగా నిగనిగలాడే గొట్టానికి కుడిపక్క రూపాయి బిళ్లంత తెల్లమచ్చ! పులుపు పైపూతనంతా తినేసింది.

నాన్న తిట్టలేదు. "పోనీలే అమ్మీ, మనిసికే మచ్చలొస్తాయి" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ శీతాకాలంలోనే ఆయన మతిమరుపు ముదిరింది. ఒకరోజు లైసెన్సు పని మీద రివాల్వరు సంచిలో వేసుకుని వెళ్లి, ఆ సంచిని టీకొట్టు బల్ల మీద వదిలేసి ఇంటికొచ్చి పడుకున్నాడు. టీకొట్టు మనిషి రొప్పుకుంటూ వచ్చాడు. "సావుకారూ, పిల్లలు తిరిగే సోట ఇలాటివి ఒగ్గేసి ఎలిపోనారేటి?" అన్నాడు. ఆ వారమే తూటాలన్నీ విజయనగరంలో లైసెన్సున్న ఆయుధాల కొట్లో అప్పగించేశాను. రివాల్వరు కూడా ఇచ్చేయమని పోరు పెట్టాను.

"ఇచ్చేస్తాను. మచ్చతో ఇవ్వను. కొన్నప్పుడు ఎలాగున్నాదో అలాగే ఇస్తాను" అన్నాడు నాన్న.

మచ్చ నా పుణ్యమే కాబట్టి నోరు మూసుకుని నాన్నతో విజయనగరం బస్సెక్కాను.

ఆ కొట్లో మరమ్మతులు చేసే ముసలాయన రివాల్వరు చూస్తూనే, "నిమ్మకాయేటమ్మా?" అన్నాడు. నేను తలొంచుకున్నాను. "దసరా ఎల్లిందంటే నాకిదే పని. తుపాకీ ఏటన్నా లారీ చక్రమేటి, నిమ్మకాయెట్టడానికి?" అని నవ్వాడు. ముందు జిడ్డంతా తుడిచాడు. మచ్చను మెత్తగా రుద్ది, దూదితో ఏదో ద్రవం అద్దాడు. తెలుపు కాస్తా బూడిద రంగైంది. తుడిచి మళ్లీ అద్దాడు. నాలుగోసారికి చుట్టూ ఉన్న నలుపులో కలిసిపోయింది. పైన నూనె పట్టించి గుమ్మం దగ్గర ఎండలో చూపిస్తే, ఎంత వెతికినా నాకు తేడా కనపడలేదు. దండం పెట్టాలనిపించింది.

నాన్న అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇంకా ఉన్నాది" అన్నాడు.

దాన్ని సంచిలో పెట్టుకుని వెనక్కి బయల్దేరాడు. బస్సులో జనమంతా భోగాపురంలో కట్టే కొత్త విమానాశ్రయంలో విమానాలు దిగుతాయా లేదా అని కొట్టుకుంటుంటే, నేను ఆ సంచి గట్టిగా పట్టుకుని దారి పొడవునా ఆయన్ని దులిపేశాను. పదిహేను రోజులకి మళ్లీ వెళ్లాం. ఇంకో పూత పడింది. "ఇంకా ఉన్నాది." మూడోసారి కూడా అదే మాట. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఎక్కడుంది నాన్నా? ఏదీ, వేలు పెట్టి చూపించు!" అని కొట్లోనే అరిచాను.

నాన్న వేలు పెట్టాడు. ఎడమపక్క, నిమ్మకాయ సోకనైనా సోకని చోట. చూపు గొట్టం మీద లేదు, నా మొహం మీద ఉంది.

"ఇచ్చేసినాక ఆదివారం నేనేటి సెయ్యాలే?" అన్నాడు మెల్లిగా.

ఛీ, ఇదేం నోరు నాది అనుకున్నాను. ముసలాయనే కళ్లజోడు సర్దుకుని, గొట్టం మీదికి వంగి చూశాడు. "అవునమ్మా, ఉన్నాది. సావుకారు గారి కన్ను కన్నే. తొందరపడితే కుదరదు బాబూ, నా దగ్గరే ఉంచండి. నెలకోసారి వచ్చి సూసుకోండి" అన్నాడు.

"అవును నాన్నా, ఉంది" అన్నాను నేను కూడా.

కాగితాల మీద సంతకం పెట్టి, రివాల్వరు అక్కడే ఉంచి వచ్చాం. ఆ తరవాత రెండేళ్లు ప్రతి నెలా ఒక ఆదివారం విజయనగరం వెళ్లేవాళ్లం. ముసలాయన ఆ పూట మాకోసమే కొట్టు తీసేవాడు. నాన్న బల్ల ముందు కూర్చుని గంటసేపు తుడిచేవాడు, నేను నూనె గుడ్డ అందించేదాన్ని. లేచేముందు, "ఇంకొంచెం ఉన్నాది" అనేవాడు. "ఉన్నాది బాబూ" అనేవాడు ముసలాయన. అంత సంతోషంగా ఎవరైనా తన పనిలో తప్పు ఒప్పుకోవడం నేనెక్కడా చూడలేదు.

చివరిసారి వెళ్లినప్పుడు నాన్న చాలాసేపు తుడిచాడు. గొట్టాన్ని కుడిపక్కా ఎడమపక్కా నిమిరాడు. తలెత్తి, కొత్తవాళ్లను అడిగినట్టు ముసలాయన్ని అడిగాడు.

"ఇదెవరిది బాబూ? ఎంత నున్నగున్నాదో! ఒక్క మచ్చయినా లేదు."

ముసలాయన నా వైపు చూశాడు. నేను గుడ్డ మడతపెడుతూ ఉండిపోయాను.

"పాతపట్నం సావుకారు ఒకాయనదండి" అన్నాడు ఆయన.

"పెట్టి పుట్టినోడు" అన్నాడు నాన్న.