ఇప్పిలవలసలో మంగళవారం వాన

“మబ్బు లేదు తమ్ముడూ. ఆకాశం కడిగిన పళ్లెంలాగున్నాది. ఉపగ్రహం ఫొటోలో కూడా నీడన్నది లేదు. మరి వానెలాగ పడ్డాది? అదీ ఒక్క ఇప్పిలవలసలోనే, మంగళారం మంగళారం? చుట్టూ ఉన్న వాన మీటర్లన్నీ సున్నా అంటన్నాయి. ఏటంటావు?”

హైమక్క అడిగే ప్రశ్నల్లో సగం నన్ను అడిగేవి కావు. ఆవిడ తనతో తనే తేల్చుకునే ముందు ఎదుట ఒక మనిషి కూర్చుని ఉంటే చాలు.

నరసన్నపేటలో హైమక్క వాళ్లది మోటార్లు, పైపుల కొట్టు. పైపుల కట్టలకీ ఫుట్‌వాల్వుల డబ్బాలకీ మధ్య, కౌంటరు వెనక ఆవిడ ల్యాప్‌టాప్ ఉంటుంది. బిల్లుల కోసం కొన్నది. ఆవిడ చదివింది కామర్సు. కోడు రాయడం మాత్రం పొయ్యి మీద పప్పు ఉడికేలోగా ఫోనులో వీడియోలు చూస్తూ నేర్చుకుంది. నేను ఒక పైపు ముక్క కోసం వెళ్లి, ఈ సంగతి తెలిసి, ఆ తర్వాత పైపు అక్కర్లేకపోయినా వెళ్తూ ఉండేవాణ్ణి.

మొదలైంది ఒక మోటారుతో. కొండల్లోంచి దిగే వాగు, ఇప్పిల గెడ్డ, ఉన్నట్టుండి పొంగి, ఒడ్డునున్న రైతు మోటారు కొట్టుకుపోయింది. ఆ రైతు ఇంకొకటి కొనడానికి వచ్చాడు. “మనకి బేరమే కదా అన్నాడు మా ఆయన. ఆ బేరం నాకు నచ్చలేదు,” అంది హైమక్క. వాగుని ముందే కనిపెట్టే దారుందా అని వెతకగా, కొండల్లోని వాన మీటర్ల లెక్కలన్నీ ఎవరైనా తీసుకోవచ్చని, పైసా ఇవ్వక్కర్లేదని తెలిసింది. ఉపగ్రహాల మబ్బు ఫొటోలూ అంతే. “ఎవుల్నీ బతిమాలక్కర్లేదంట తమ్ముడూ! నూతిలో నీళ్లు తోడుకున్నట్టు తోడుకోడమే.”

ఆవిడ ప్రోగ్రాము ఆ లెక్కల్ని తోడుతూ ఉంటుంది. పైన వాన పడితే గెడ్డ పొడుగునా ఉన్నవాళ్ల ఫోన్లకి మెసేజి వెళ్తుంది: ‘పైన వాన. మోటారు తియ్యండి. గెడ్డ దాటొద్దు.’ నీళ్లు కిందకి దిగడానికి అన్నం వండుకుని తినేంత సేపు పడుతుంది. ఆ సేపే ఆవిడ వాళ్లకి ఇవ్వగలిగింది.

“నా కోడులో తప్పులెతికే సాధనమొకటున్నాది. అదీ ఉచితమే. మా అత్తగారికంటే ఘోరం అది. ‘ఈ పేరు ఎక్కడా వాడలేదు, ఎందుకు పెట్టేవు? ఈ వరుస ఎప్పటికీ నడవదు, తీసీ’ అని సాధిస్తాది. అత్తగారైనా ఈ మధ్య మెత్తబడ్డారు గాని...”

“వినపడతన్నాదే హైమా!” అని లోపలి గదిలోంచి కేక.

ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ మధ్యాహ్నానికి అదే ఆఖరి నవ్వు. అప్పుడే సింహాచలం మెట్లెక్కి వచ్చాడు. గెడ్డ ఒడ్డున కూరగాయలు పండించే రైతు.

“ఏటమ్మా, ఈ మంగళారం కూడా పడ్డాదేటి మీ వాన? మా ఊళ్లో ఆడోళ్లు ఎండలో బట్టలారేసి, హైమమ్మ వానకి తడిసిపోతాయే తియ్యండే అంటన్నారు.”

“నవ్వుకో సింహాచలం. మెసేజి వస్తే మోటారు తియ్యి.”

“తీసి తీసి నడుం పడిపోనాది. మొన్న తియ్యలేదు. మా ఆడది కూడా గెడ్డ దాటి కలుపుకెల్లిపోనాది. ఏటైనాది? గెడ్డంతా ఇసకే.”

వాచరు కొనుక్కుని అతను వెళ్లిపోయాడు. హైమక్క నా వైపు తిరిగింది.

“విన్నావా? ఇంక నా మెసేజి ఎవులూ నమ్మరు. నిజంగా పడినరోజు సింహాచలం పెళ్లాం గెడ్డ మధ్యలో ఉంటాది.”

ఇప్పిలవలస మీటరుని లెక్కలోంచి తీసెయ్యకూడదా అన్నాను.

“ఒక్క వరుస పని. కాని గెడ్డ పుట్టేది అక్కడే. అంత పైన ఇంకో మీటరు లేదు. అది తీసీస్తే నేను గుడ్డిదాన్నే. పోనీ మంగళారం లెక్కే ఒగ్గీమంటే, నిజం వానకి వారం తెలుస్తాదా?”

తప్పు తన కోడులో ఉందేమోనని మొదట అనుకుందట. సాధనం చేత ప్రతి వరుసా తనిఖీ చేయించింది. దొంగ వాన, దొడ్డ వాన, వాన లేని రోజు అన్నీ కల్పించి పరీక్ష పెట్టింది. తప్పుంటే ఎర్రగా చూపిస్తుంది. అంతా పచ్చగా వచ్చింది.

“తప్పు నాదైతే బాగుణ్ణు తమ్ముడూ. పచ్చరంగు సూసి భయపడ్డం అదే మొదలు. ఇంకోటి సూడు. ఏ మంగళారమైనా ఒకటే కొలత. వానకి కొలతుంటాదేటి? కుండకి ఉంటాది.”

ఇప్పిలవలసలో కుండ పట్టే చెయ్యి లేదు. కొండల మధ్య కడుతున్న జలాశయం కోసం ఆ ఊరిని ఖాళీ చేయించారు. కట్ట ఇంకా పూర్తి కాలేదు గనక గెడ్డ తన దారిన పారుతూనే ఉంది. మనుషులు మాత్రం గుమ్మాలూ దూలాలూ కూడా ఊడదీసుకుని వచ్చేశారు.

“అక్కడి సంగతి నేను సెప్తాను బావా,” అన్నాడు హైమక్క భర్త ఆనంద్‌కుమార్. అంతవరకూ పైపులు కోస్తున్న మనిషి రంపం కింద పెట్టాడు. “ఈవిడ పోరు పడలేక ఒక మంగళారం మిట్టమధ్యాన్నం బండేసుకుని ఎళ్లినాం. కాకి లేదు. మెట్ట మీద కంచె, కంచెకి తాళం, తాళానికి తుప్పు. లోపల మీటరు. దాని గరాటు అంచంతా పసుపు. జల్లెడలో వేపాకులు. అప్పుడే పోసినట్టు నీళ్లు కారతన్నాయి. చుట్టూ బురద. బురదలో అడుగన్నది లేదు.”

“ముర్రాట,” అంది హైమక్క మెల్లగా. మా వైపు అమ్మవారి రాయి మీద పసుపునీళ్లు, వేపరెమ్మలు వేసి కుండలతో పోస్తారు. అది ముర్రాట.

“గొర్రెలోళ్లెవులో పోసుంటారన్నాను,” అన్నాడు ఆనంద్‌కుమార్.

“గొర్రెలొస్తే పెంటికలుండవేటి?”

“ఉండవలసిందే. అందుకే కేకేసినాను, ఎవులక్కడా అని. గోడలు కదా, నా కేక నాకు తిరిగొచ్చింది.” ఆనంద్‌కుమార్ రంపం మళ్లీ తీసుకున్నాడు. “ఆడగొంతుతో వచ్చింది బావా.”

మర్నాడు హైమక్కా నేనూ ఊరి చివర కాలనీకి వెళ్లాం. ఇప్పిలవలస వాళ్లని అక్కడే ఉంచారు. కొత్త సిమెంటు గద్దె మీద పాత రాయి, పక్కన నీడలో తవిటమ్మ అనే ముసలామె. ఆమె కాళ్లు రెండూ వాచి ఉన్నాయి.

“మీవాళ్లెవరైనా అక్కడికెళ్లి ముర్రాటలు పోస్తున్నారా అమ్మా?” అని అడిగాను.

“ఎందుకెల్తారు నాయినా? అమ్మోర్ని బండెక్కించి తెచ్చీసినాం కాదేటి. గద్దె ఒగ్గీసినాం, రాయి తెచ్చీసినాం.”

హైమక్క ఫోనులో మీటరు ఫొటో చూపించింది. తవిటమ్మ ఫోను కళ్లకి దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది.

“ఇది మా గద్దె మీద పాతీసినారేటి?”

“ఎత్తైన చోటని పెట్టుంటారు,” అన్నాను.

“గుండ్రంగా రాయిలాగే ఉన్నాది. సూపు ఆనని వోళ్లకి ఏటి తెలుస్తాది, పాపం.”

“ఎవరికి?”

“ఊరు కదిలినప్పుడు ఇంటింటికీ సెప్పుకున్నాం. సచ్చిపోనోళ్లకి సెప్పలేదే! మా అత్త, మా అత్తకి అత్త, అందరూ ఆ మెట్ట మీదే పండున్నారు. మంగళారం ముర్రాట వోళ్ల వొంతే ఎప్పుడూ.” ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా చెప్పింది. “అమ్మోరు అక్కడే ఉన్నాదనుకుంటన్నారు. సెప్తే ఒగ్గెత్తారు. మా వోళ్లు మొండోళ్లు కారు.”

ఎవరు చెప్పాలని అడిగాను. ఆమె తన వాచిన కాళ్లకేసి చూసుకుంది. హైమక్క నాకేసి చూసింది.

తిరిగి కొట్టుకి వచ్చేసరికి ఉత్తరాన కొండల మీద నిజమైన మబ్బు కమ్ముతోంది. ఫొటోలో కూడా ఉంది. హైమక్క ల్యాప్‌టాప్ తెరిచి, ఆ మీటరుని తీసేసే ఒక్క వరుసా రాసి, మళ్లీ చెరిపేసింది.

“నేను ముట్టుకోను తమ్ముడూ. మా ఆయన ఇంక ఆ దారెక్కడు. తవిటమ్మ మాట నీ సెవుల్తో విన్నోడివి, నువ్వెళ్లు. వచ్చే మంగళారం పొద్దెక్కినాక ఎళ్లు. కంచె ఇవతలే నిలబడు. తవిటమ్మ పంపించిందని సెప్పు. అమ్మోరు కాలనీకి వచ్చీసింది, ముర్రాటలు అక్కడికి పట్రండమ్మా అని సెప్పు. సింహాచలం పెళ్లాం గెడ్డ దాటతన్నాదని కూడా సెప్పు. వాళ్లూ ఆ గెడ్డ దాటినోళ్లే, వింటారు. ఎవులైనా పలికితే అత్తా అని పిలు, గట్టిగా మాటాడకు. ఆరోజూ మబ్బు పట్టిందంటే, అది దిగకముందే బేగి వచ్చీ.”