భాకర్‌గఢ్‌లో కుదరని కేసరి రంగు

భాకర్‌గఢ్ కోటలో బట్టలకు రంగులు వేసే ఝమ్కూ నోటికి జడవని మనిషి లేడు. కోటను ఏలే రావుగారి ఏనుగు మావటి కూడా ఆమె గుమ్మం దాటేదాకా గొంతెత్తేవాడు కాదు. మోచేతుల దాకా ఎర్రటి చేతులు, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక తిట్టు, ఆ తిట్టులోనే బోలెడంత ఆపేక్ష. ఆమె మొగుడు పేమో మాత్రం ఆ తిట్లన్నీ సజ్జరొట్టెతో పాటు నమిలి మింగేసి, తీరిగ్గా మీసం దువ్వుకునేవాడు.

ఆ ఏడు పొరుగురాజు సోఝళి రాణా వచ్చి కోటను ముట్టడించాడు. ఎందుకంటారా? ఏదో పెళ్లిలో మా రావు సాంఖల్‌దేవ్ తివాచీని ఆయన తివాచీకంటే జానెడు ముందుకు పరిచారట! జానెడు గుడ్డకి ఇన్ని తలకాయలు! రాజుల పౌరుషాలు అలా ఏడుస్తాయి, మనమేం చేస్తాం. ఎండాకాలమంతా అదే గోల. గాదెలు ఊడ్చుకుపోయాయి, మెట్లబావిలో బురద తేలింది. ఇక లాభం లేదని రావుగారు, "కేసరియా కడదాం" అనేశారు.

కేసరియా అంటే మాటలా? కేసరి రంగు తలపాగాలు చుట్టుకుని, కోట తలుపులు బార్లా తెరిచి, శత్రువు మీద పడి చావడమే. ఆ రంగు చుట్టుకున్నవాడు ప్రాణాలతో తిరిగొస్తే వంశానికే మచ్చ. మగాళ్లు అటు వెళ్లగానే ఆడవాళ్లకు ఇటు చితి.

పేమో ఛాతీ పొంగించుకుని ఇంటికొచ్చాడు.

"రావుగారు నా భుజం మీద చెయ్యేసి మరీ చెప్పారే! తలపాగాలన్నిటికీ రంగు మనమే వెయ్యాలట. అందులో ఒకటి నాకు."

"నీకా! నీ చేతికి కత్తిస్తే ఎటు పట్టుకోవాలో తెలుసా?"

"చావడానికి అంత విద్య దేనికే?"

ఇన్నేళ్లు తిట్టి తిట్టి కాపాడుకున్న మొగుణ్ణి ఆ దరిద్రపు తివాచీ కోసం పంపాలా? చచ్చినా పంపకూడదనుకుంది ఝమ్కూ.

కేసరికి వాడే కుసుమపూల రంగుకి మామిడి ఒరుగుల పులుపు తగిలితేనే ఎరుపు గుడ్డను పట్టుకుంటుంది. బట్టలుతికే సౌడు ఎక్కువైతే రంగంతా నీళ్లలోనే ఉండిపోతుంది. మధ్యాహ్నం పేమో కునుకు తీస్తుంటే, ఆమె అటకమీది సౌడు తెచ్చి బానలో కుమ్మరించింది. ఎవరి కంటైనా పడితే తల ఎగిరిపోతుందని తెలుసు. డబ్బాను మళ్లీ అటక మీదే పెట్టేసింది.

సాయంత్రం తలపాగాలు పైకి తీస్తే పసిపిల్లాడి ముడ్డిగుడ్డల రంగు తేలింది. రావుగారు స్వయంగా వచ్చి చూసి నిర్ఘాంతపోయారు.

"ఏంటిది పేమో? ఇది చుట్టుకుని వెళ్తే స్వర్గంలో మా తాతలు గుమ్మం ఎక్కనిస్తారా?"

"మన్నించాలి అన్నదాతా. పూలు పాతవి. కొత్త మూట విప్పి మళ్లీ వేస్తాను."

రెండో బాన దగ్గర పేమో కాపలా కుక్కలా కూర్చున్నాడు. భార్యను దరిదాపులకు రానివ్వలేదు. ఝమ్కూ వంటింట్లో కూలబడి అమ్మవారికి మొక్కుకుంది. ఆశ్చర్యం! ఈసారీ రంగు కుదరలేదు. రావుగారు నిప్పులు కక్కారు. అయినా ఏం చేస్తారు? వెలిసిపోయిన గుడ్డతో చావడానికి రాజపుత్రుడికి మనసొప్పుతుందా? మూడో బాన పెట్టమన్నారు.

ఆ బాన కాగకముందే ఆకాశం చిల్లుపడింది. ఆషాఢం తొలివాన! సోఝళి సైనికులంతా రైతుబిడ్డలే కదా, సజ్జలు విత్తే అదను పోతుందని గుంపులు గుంపులుగా ఊళ్లకు పరిగెత్తారు. చివరికి రాణా, ఆయన తివాచీ మిగిలారు. ఆయన మాత్రం ఎన్నాళ్లు కూర్చుంటాడు? ఆయనా డేరా ఎత్తేశాడు. మావాళ్లు తలుపులు బార్లా తెరిచి, నాగళ్లు భుజాన వేసుకుని దిగారు.

ఆ తర్వాత వాళ్ల కాపురం హాయిగా సాగింది. పిల్లలు, మనవలు, ఇంటినిండా రంగుల తడిగుడ్డలు. ఒక్కటే ముల్లు. ఊరంతా పేమోని "రంగు చెడగొట్టిన పేమో" అని ఆటపట్టించేది. అతను నవ్వేసేవాడు, ఝమ్కూకి మాత్రం ప్రాణం చివుక్కుమనేది.

మనవడి పెళ్లి తలపాగాకి రంగు వేస్తున్న రోజు ఇక దాచుకోలేక కక్కేసింది.

"ఏమయ్యా, ఆ రోజు బానలో సౌడు పోసింది నేనే. నా మూలంగా నీకీ చెడ్డపేరు."

"తెలుసు" అన్నాడు పేమో, గుడ్డ పిండుతూ. "నీళ్లు నాలిక్కి తగిలించి రుచి చూడకుండా ఏనాడైనా గుడ్డ ముంచానా?"

"మరి రెండోది? నేను ఆ ఛాయలకే రాలేదే! అమ్మవారి దయే అనుకున్నాను."

పేమో నెరిసిన మీసం దువ్వుకున్నాడు.

"సౌడు డబ్బా అటక మీద ఉంటుందని అమ్మవారికేం తెలుసే? నాకు తెలుసు గానీ."

ఝమ్కూకి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తిట్టు దొరకలేదు. ఎర్రటి చెయ్యి అతని చేతి మీద వేసి అలాగే కూర్చుంది.