వెనకచూపు సీటు

వెర్నా కోల్‌స్టాడ్ కారు పక్కలకి చెక్క పలకలు తొడిగినట్టుండేది, అందుకే ఆవిడని ఊళ్లో అందరూ చెక్కబండావిడ అనేవారు. ఎదురుగా అన్నా ఆవిడకి కోపం వచ్చేది కాదు. "చెక్కా పాడా, అంతా చెక్క రంగు కాగితం. అంచులు లేచినప్పుడల్లా నేనే జిగురు పెట్టి అతికిస్తున్నా" అని ఉన్నమాట చెప్పేది.

అప్పట్లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఇంటికో స్టేషన్ వ్యాగన్, అంటే వెనక్కి సాగిన పెద్ద కారు, ఉండేది. ముందు భాగం వీధి మలుపు తిరిగాక తోక భాగం రావడానికి కాస్త ఓపిక పట్టాలి, అంత పొడుగు బండి. కొన్నది భర్త హార్వేయే గానీ, ఆయన పక్క సీట్లో టోపీ మొహం మీదికి లాక్కుని గుర్రుపెట్టడం తప్ప ఏనాడూ స్టీరింగు ముట్టుకున్న పాపాన పోలేదు. కొడుకు డ్వేన్‌నీ, కూతురు జోలీన్‌నీ, వాళ్లతోపాటు వీధిలో పిల్లలందర్నీ ఈతకీ, బంతాటకీ, ఆగస్టు రాగానే సరస్సుకీ తిప్పింది వెర్నాయే.

ఆ బండిలో అన్నిటికంటే వెనక, వెళ్లే దారికి వీపు పెట్టి కూర్చునే సీటు ఒకటుంది. దానికోసం పిల్లలు జుట్లు పట్టుకునేవారు. ఎక్కినవాళ్లు వెనక వచ్చే లారీ డ్రైవర్లకి పిడికిలి ఎత్తి, తాడు లాగినట్టు కిందికి లాగి, హారన్ కొట్టమని సైగ చేసేవారు. మంచివాడైతే భోంయిమని హారన్ కొట్టేవాడు. పిల్లలు కేకలు. వెర్నా తల తిప్పకుండానే కసిరేది: "పనిలో ఉన్నవాళ్లని విసిగించకండర్రా."

అంత జాగ్రత్త మనిషీ ఒకసారి పప్పులో కాలేసింది. ఐస్‌క్రీం కొట్టు ముందు అచ్చం తన బండిలాంటిదే ఇంకోటి ఆగి ఉంది. వెర్నా అద్దంలో తలలు లెక్కపెట్టుకుంది, సరిపోయాయి, బయల్దేరింది. సగం దారిలో వెనకనుంచి ఒక కొత్త గొంతు, "మా అమ్మేది?" అంది. తీరా చూస్తే వాడెవడో! డ్వేన్ ఐస్‌క్రీం నాకుతూ కొట్టు దగ్గరే ఉండిపోయాడు. ఆ రోజునుంచీ ఆవిడ తలలు లెక్కపెట్టడం మానేసి, ఒక్కొక్కళ్ల పేరూ పిలిచి, తనవైపు తిప్పించి మొహం చూశాకే బండి తీసేది. ఆ పొరపాటు పిల్లాడు ఆర్లెన్ పెద్దయ్యాక జోలీన్‌నే పెళ్లాడాడు. "అప్పుడే ఉంచేసుకుని ఉంటే పెళ్లి ఖర్చు తప్పేది" అని హార్వే పోయేదాకా అంటూనే ఉన్నాడు.

ఏళ్లు గడిచినా ఆ బండి ఇంకా వెర్నా చేతిలోనే ఉంది. ఈ వేసవి మొదట్లో కళ్ల డాక్టరు వెర్నాని ఇక బండి నడపొద్దన్నాడు. ఆవిడ ఆ మాట ఎవరికీ చెప్పలేదు. పక్కింటివాళ్లు ఉత్తరాలకోసం రోడ్డు పక్కన పాతుకున్న తపాలా డబ్బాని పడగొట్టినప్పుడు కూడా, అదే రోడ్డు మీదికి వచ్చి నిలబడిందని దబాయించింది. పిల్లలకి విషయం అర్థమైంది. కానీ తాళం అడిగే ధైర్యం ఎవరికుంది? వెర్నాకీ భయంగానే ఉంది. ఇంతకాలం అందర్నీ తీసుకెళ్లిన మనిషి, తాళం ఇచ్చేశాక సామాన్లలో సామానైపోదూ?

ఆగస్టు వచ్చింది. సరస్సుకి ప్రయాణం. సాసేజీలూ బంగాళాదుంప సలాడూ సర్దడం అయింది. జోలీన్, ఆర్లెన్ బొజ్జలేసుకుని కూడా వెనకచూపు సీటుకోసం తోసుకుని మరీ ఎక్కారు. డ్వేన్ పక్క సీట్లో కూర్చున్నాడు. వెర్నా స్టీరింగు ముందు కూర్చుని అద్దం సర్దుకుంది.

"జోలీన్?"

"ఉన్నా."

"ఆర్లెన్?"

"ఉన్నానత్తయ్యా."

ఇద్దరూ ఆవిడవైపు తిరిగే పలికారు. వెర్నా అద్దంలోకి చూసింది. కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. రెండు తలలు కనిపించాయి. మొహాలు కనిపించలేదు. ఆ సీట్లో పరాయి పిల్లాడు కూర్చున్నా తనకి తెలియదు. తాళం బయటికి లాగి డ్వేన్ ఒళ్లో పడేసింది.

"నువ్వు నడుపు."

డ్వేన్ తాళం అందుకున్నాడు. "అయితే నువ్వు ఇలా నా పక్కన కూర్చో అమ్మా."

"పక్కన కూర్చుంటే నీ బ్రేకు నా కాలే తొక్కుతుంది. దారి పొడుగునా నీ ప్రాణం తియ్యనా?"

ఆవిడ దిగి బండి వెనక్కి వెళ్లి తలుపు లాగింది.

"ఆర్లెన్, దిగు."

"నేనేం చేశానత్తయ్యా?"

"నువ్వసలు మా బండి పిల్లాడివే కాదు. దిగి మధ్యలో కూర్చో."

జోలీన్ పడీపడీ నవ్వుతూ చోటిచ్చింది. ఎండకి కాగిన సీటు పిక్కల్ని చురుక్కుమనిపించింది. ఇన్నేళ్లలో వెర్నా ఒక్కసారి కూడా ఆ సీట్లో కూర్చోలేదు.

ముందునుంచి డ్వేన్ పిలిచాడు. "జోలీన్? ఆర్లెన్?" ఇద్దరూ పలికారు. ఆ తర్వాత, "అమ్మా?" అన్నాడు.

"ఉన్నాన్రా" అంది వెర్నా.

బండి కదిలింది. ఇల్లూ, కొత్త తపాలా డబ్బా మెల్లగా దూరమయ్యాయి. ఏ మలుపు వస్తుందో, ఎవరడ్డం పడతారో చూసుకోనక్కర్లేదు. రోడ్డంతా తీరిగ్గా ఆవిడ కాళ్ల దగ్గరనుంచి వెనక్కి పోతోంది. ఈ పిల్లలు ఇంత సుఖం అనుభవిస్తూ ఒక్క ముక్క చెప్పలేదే అనిపించి, ఆవిడకి నిజంగా కుళ్లు పుట్టింది, ఆనందం కూడా వేసింది.

పెద్ద రోడ్డెక్కాక వెనకనుంచి ఒక పాల లారీ వచ్చింది. మసకగానే అయినా అంత లారీ కనిపించకపోదు. వెర్నా పిడికిలి ఎత్తి కిందికి లాగింది. లారీ భోంయిమంది.

డ్వేన్ తల తిప్పకుండానే కసిరాడు. "పనిలో ఉన్నవాళ్లని విసిగించకమ్మా."

వెర్నా మళ్లీ పిడికిలి ఎత్తింది.